ఆరాధనలో పాట ఎత్తుకునేది నేనే, కానీ లోపల సంతోషం లేదు. ఏం చెయ్యాలి?

ఆల్టో_వరుస

అందరికీ వందనాలు. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను.

నేను పుట్టి పెరిగిందంతా సంఘంలోనే. 15 ఏళ్లుగా క్వాయర్‌లో పాడుతున్నాను, నాలుగేళ్ల నుంచి ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది నేనే. ఎనిమిది నెలల కిందట నాన్నగారు పోయారు. పక్షవాతం వచ్చాక 11 వారాలు మంచం మీద ఉన్నారు. ఆ 11 వారాల్లో మేము చెయ్యని ప్రార్థన లేదు. ఉపవాసం ఉన్నాం, సంఘమంతా ఇంటికి వచ్చి ప్రార్థించింది, బాగవుతారని నేను నిజంగా నమ్మాను, ఏదో అడగాలి కాబట్టి అడిగిన ప్రార్థన కాదు అది. అయినా పోయారు.

అప్పటి నుంచి నాలో ఏదో ఆరిపోయింది. దేవుడు లేడని అనడం లేదు. ఉన్నాడు, నాకు తెలుసు. కానీ బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి తప్ప ఒక్క మాటా మనసుకు తగలదు. ఆదివారం ఆనందం అనే మాట ఉన్న చరణం వచ్చేసరికి గొంతు పాడుతుంది, నేను పాడను. ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు వచ్చి "చాలా ఆత్మీయంగా పాడారు సిస్టర్" అంటారు. ఆ మాట వింటే ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని ఏడవాలనిపిస్తుంది.

ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో చెప్పాను. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు అని వాక్యం ఉంది కదమ్మా, నీకు బలం లేదంటే ఆనందించడం మానేశావనే కదా" అన్నారు ఒకరు. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ అది విన్నాక ఇంకో బరువు పెరిగింది. నాన్న లేరన్న బాధ ఒకటి, అసలు బాధపడటమే పాపమేమో అన్న భయం ఇంకొకటి.

సూటిగా అడుగుతున్నాను. క్రీస్తులో సంతోషం అంటే ఏమిటి? మీలో ఎవరైనా దాన్ని పోగొట్టుకుని మళ్లీ పొందారా? దయచేసి వచనాలు పెట్టి వెళ్లిపోకండి, అవి నాకు కంఠతా వచ్చు. మీకు ఏం జరిగిందో చెప్పండి.

సందె_వెలుగు

అమ్మా, నీ మాటలు రెండుసార్లు చదివాను. నాకు 62 ఏళ్లు, మావారు పోయి 19 ఏళ్లు అయింది. నీకు చెప్పిన ఆ వచనమే నాకూ చెప్పారు, సమాధి చేసిన మూడో రోజున. నాకు చాలా కోపం వచ్చింది. అసలు ఈ మాట ఎవరు ఎవరితో అన్నారో చూద్దామని ఆ రాత్రే నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం మొత్తం చదివాను. మొత్తం చదవడం మంచిదైంది.

బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదా జనం వాళ్లు. యెరూషలేము గోడ 52 రోజుల్లో కట్టి అప్పటికి కొద్ది రోజులే అయింది. ఏడో నెల మొదటి రోజున నీటి గుమ్మం ఎదుట అందరూ చేరితే యాజకుడైన ఎజ్రా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు, ఆలయ సేవ చేసే లేవీయులు అర్థం చెప్పారు, అది విని జనమంతా ఏడ్చారు. ఎంత దూరం తప్పిపోయామో తెలిసొచ్చి ఏడ్చిన ఏడుపు అది. అప్పుడు వాళ్లను ఓదారుస్తూ చెప్పిన మాట ఇది. తండ్రి పోయిన కూతుర్ని నిలబెట్టి, నీ విశ్వాసం ఏదీ అని అడగడానికి చెప్పింది కాదు.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించింది ఇంకొకటి ఉంది. అదే వచనంలో, ఆనందించండి అనే మాటకు ముందే, ఇదివరకు తమకోసం ఏమీ సిద్ధం చేసుకోని వాళ్లకు వంతులు పంపండి అని ఉంది. ఎన్నిసార్లు విన్నాను ఆ వచనం, ఆ ముక్క నా చెవిన పడనే లేదు. అంటే పండుగ రోజున కూడా ఏమీ సిద్ధం చేసుకోలేని ఇళ్లు ఉంటాయని వాళ్లకు తెలుసు. మీకెందుకు లేదని ఎవరూ వాళ్లను అడగలేదు, వాళ్ల వంతు మోసుకెళ్లి ఇమ్మన్నారు. ఈ ఏడాది నీది అలాంటి ఇల్లు తల్లీ. నీ వంతు ఎవరో తెచ్చి ఇవ్వాలి, నువ్వు తలుపు తియ్యాలి, అంతే.

నాకు అలా తెచ్చిన మనిషి ఒకావిడ ఉంది. సంఘంలో పెద్దగా మాట్లాడేది కూడా కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి, ఒక కీర్తన చదివి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేది. ఎలా ఉన్నావు అని కూడా అడిగేది కాదు. మొదట్లో ఎందుకొస్తోందా అని విసుక్కున్నాను, తర్వాత తర్వాత ఐదున్నర నుంచే గుమ్మం వైపు చూసేదాన్ని. నాలుగో నెలలో అనుకుంటా, ఒకరోజు ఆవిడ చదువుతూ ఒక మాట తప్పు పలికింది, ఇద్దరం ఒక్కసారిగా నవ్వేశాం. ఆ వెంటనే నాకు భయమేసింది, ఆయన్ను అప్పుడే మర్చిపోయానా అని. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఆయన కూడా నవ్వేవారు కదా" అంది. నాకు సంతోషం తిరిగి రావడం అలా మొదలైంది.

నడుస్తున్నా

అక్కా, ముందు ఒకటి అడుగుతాను, నిద్ర పడుతోందా? సరిగ్గా తింటున్నారా?

ఎందుకడుగుతున్నానంటే రెండేళ్ల కిందట నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు అది ఆత్మీయ సమస్యే అనుకుని ఏడు నెలలు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. మందు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే అనుకున్నాను. ఆ ఏడు నెలలు ఊరికే నలిగిపోయాను.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసిన మనిషి. తర్వాత యెజెబెలు రాణి చంపుతానని ఒక కబురు పంపితే అరణ్యంలోకి పారిపోయి బదరీ చెట్టు కింద కూర్చుని, చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. నిన్న అంత చూసి ఇవాళ ఇలా అంటావా అని దేవుడు అడగలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. ఆ తర్వాతే 40 రోజుల నడక, హోరేబు కొండ, ఆ మెల్లని స్వరం. తిండి, నిద్ర ముందొచ్చాయి. ఇది మా పాస్టర్ గారు నాకు చెప్పి, ఆయనే నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

చార్లెస్ స్పర్జన్ పేరు మీరు వినే ఉంటారు, లండన్‌లో వేలమందికి ప్రసంగించిన దైవజనుడు. 1856లో, ఆయనకు 22 ఏళ్లప్పుడు, ప్రసంగం జరుగుతున్న హాల్లో ఎవరో నిప్పు అని అరిస్తే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. ఆయన కుప్పకూలిపోయారు. కొద్ది వారాలకే మళ్లీ ప్రసంగించారు గానీ ఆ కుంగుబాటు జీవితాంతం వస్తూ పోతూనే ఉంది, దాన్ని దాచుకోకుండా తన దగ్గర చదువుకునే సేవకులకు విడమరిచి చెప్పారు కూడా. ఆయన విశ్వాసం తక్కువైందని ఎవరంటాం?

దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు, నాకు తెలుసు. మీది ఏదో నేను చెప్పలేను. అందుకే ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి అంటున్నాను, ప్రార్థన మానమని కాదు.

స్థిరంగా_నిలబడు

అందరూ ఓదారుస్తున్నారు, మంచిదే. కానీ ఫిలిప్పీ 4:4 ఆజ్ఞ కదా? "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి." ఎల్లప్పుడును అంటే ఎల్లప్పుడూ. మనకు ఎలా అనిపిస్తే అలా ఉండొచ్చు అంటే వాక్యానికి ఏం విలువ ఇచ్చినట్టు? ఎనిమిది నెలలు చాలా ఎక్కువ సిస్టర్. బాధను మనమే పెంచి పోషించకూడదు.

వారానికి_మూడుసార్లు

పైన రాసిన బ్రదర్‌కి. అది ఆజ్ఞే, ఒప్పుకుంటాను. కానీ ఆ పత్రిక, అంటే ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఆ ఉత్తరం, మొత్తం చదవండి. ఆయన అది సంకెళ్లలో ఉండి రాశాడు. రెండో అధ్యాయంలో తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరైన సంగతి చెప్తూ, నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు కనికరించాడు అంటాడు. దుఃఖం మీద దుఃఖం అన్నాడంటే అప్పటికే ఒక దుఃఖం ఉన్నట్టే కదా! మూడో అధ్యాయంలో ఇప్పుడు కూడా ఏడుస్తూ చెప్తున్నాను అంటాడు. నాలుగో అధ్యాయంలో ఎల్లప్పుడూ ఆనందించండి అన్నది ఆ మనిషే, కన్నీళ్లు తుడుచుకోకుండానే అన్నాడు. కాబట్టి ఆయన చెప్పే ఆనందం దుఃఖం పోయాక దాని చోటులోకి వచ్చేది అయ్యుండదు. రెండూ ఒకే మనిషిలో ఒకే రోజున ఉంటాయి.

ఇది నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. నాకు కిడ్నీలు పాడై ఆరేళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. స్వస్థత కోసం నేను చేసుకున్న ప్రార్థనలకు లెక్క లేదు. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వదలని బాధ, తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది, తీసేస్తాను అని రాలేదు. ఆ మాట మీద నేను దేవుడితో రెండేళ్లు గొడవపడ్డాను. నిజంగా గొడవే. నాకు కృప వద్దు, కిడ్నీ కావాలి అన్నాను.

మార్పు ఎప్పుడొచ్చిందో రోజు చెప్పలేను. మిషన్ మీద కూర్చున్నప్పుడు పక్క కుర్చీలో ఎవరుంటే వాళ్ల కోసం ప్రార్థించడం మొదలుపెట్టాను, అది కూడా భక్తితో కాదు, నా గురించి అడిగి అడిగి అలసిపోయి. కొన్నాళ్లకు గమనిస్తే ఆ నాలుగు గంటలూ నాకు భయంగా లేవు. ఒకాయన, ఇప్పుడు లేరు, నేను కాస్త ఆలస్యమైతే నర్సుని అడిగేవారట, ప్రార్థన చేసే అబ్బాయి రాలేదా అని. ఆ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషాన్ని నేను దేనికీ ఇవ్వను. ఆ రోజు నా రిపోర్టులు బాగాలేవు కూడా.

లూకా పదో అధ్యాయంలో శిష్యులు దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయి అని సంబరంగా తిరిగొస్తే, అందుకు కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు ప్రభువు. ముందు నాకు ఆ మాట చప్పగా అనిపించేది. ఇప్పుడు నేను ఆనుకుని నిలబడేది దాని మీదే. రిపోర్టు మారినా మారకపోయినా అది మారదు. సిస్టర్, మీ నాన్నగారు బాగుపడలేదు, కానీ ఆయన పేరు అక్కడి నుంచి ఎవరూ కొట్టెయ్యలేదు.

చిన్నమంద_కాపరి

సిస్టర్, మీకు ఆ మాట అన్నది నేను కాదు. కానీ అలాంటి మాటలు నేనూ అన్నాను, మరణం జరిగిన ఇళ్లలోనే అన్నాను. సేవలోకి వచ్చిన కొత్తలో మౌనంగా కూర్చోవడం నాకు చేతకాదు, ఆ మౌనాన్ని వచనంతో నింపేసేవాణ్ణి. ఇది రాస్తుంటే రెండు మూడు ఇళ్లు గుర్తొస్తున్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగాలి.

బలం అనే మాట గురించి కొంచెం చెప్తాను. నెహెమ్యా 8:10లో ఉన్న హీబ్రూ మాట మాఓజ్. దానికి అసలు అర్థం కోట, శత్రువు తరిమితే లోపలికి పరుగెత్తి తలదాచుకునే చోటు. 27వ కీర్తనలో యెహోవా నా ప్రాణదుర్గము అని ఉంది చూడండి, ఆ దుర్గం ఈ మాటే. నేను చాలాకాలం దీన్ని ఇంధనంలాగా అర్థం చేసుకున్నాను, లోపల సంతోషం ఎంత నింపుకుంటే అంత బలం అన్నట్టు. కోట అలా పనిచెయ్యదు కదా. లోపలున్న మనిషి వణుకుతూ ఉన్నా గోడలు గట్టిగానే ఉంటాయి. ఇంకోటి, హీబ్రూలో అక్షరాలా ఉన్నది యెహోవా ఆనందం అని. మనం ఆయనయందు ఆనందించడం అని అనువాదం చేశారు, అది సరైనదే. ఆయనకు తన ప్రజల మీద ఉన్న ఆనందం అని చదివేవాళ్లు కూడా ఉన్నారు. జెఫన్యా మూడో అధ్యాయంలో నీయందలి సంతోషముచేత ఆయన హర్షించును అని చదువుతాం, అక్కడ ఉన్న ఒక హీబ్రూ మాటకు గొంతెత్తి పాడటం అనే అర్థం ఉంది. మీ గొంతు పలకని ఆదివారాల్లో కూడా మీ గురించి పాడేవాడు ఒకడున్నాడు సిస్టర్. పాట ఎత్తుకునే బాధ్యత ఎప్పుడూ మీ ఒక్కరిదే కాదు.

మీరు క్వాయర్‌లో ఉన్నారు కాబట్టి ఇది కూడా. 88వ కీర్తన తీయండి. పైన ఏముందో చూడండి, కోరహు కుమారుల పాట, ప్రధానగాయకుడికి అని ఉంటుంది. అంటే ఒక క్వాయర్ పాట, మీలాంటి వాళ్ల చేతికి ఇచ్చింది. చాలా విలాప కీర్తనలు చివరికి వచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి అనే మాటతో అయిపోతుంది. అలాంటి పాటను దేవుని ప్రజలు చింపెయ్యలేదు, సిగ్గుపడి దాచలేదు, ఆరాధనలో పాడటానికి ఉంచుకున్నారు. ఆ పాట రాసినవాడు ఒక్క పని మాత్రం మానలేదు, రాత్రీ పగలూ ఆ చీకటి సంగతంతా దేవుడికే చెప్పాడు. వారం రోజులు రోజూ ఒకసారి దాన్ని పైకి చదవండి, నాన్నగారి పేరు చెప్పి చదవండి. చివర ఏదైనా మంచి మాట కలపాలని ప్రయత్నించకండి.

స్థిరంగా_నిలబడు

ఫిలిప్పీలో ఆ రెండు చోట్లూ చాలాసార్లు చదివాను గానీ నాలుగో అధ్యాయంతో కలిపి ఎప్పుడూ చూడలేదు. సిస్టర్, ఎనిమిది నెలలు ఎక్కువ అన్నందుకు క్షమించండి. అలా లెక్కపెట్టకుండా ఉండాల్సింది.

ఆల్టో_వరుస

అందరివీ చదివాను. ఎవరికి విడిగా జవాబు రాయాలో తెలియడం లేదు. నడుస్తున్నా తమ్ముడూ, నిద్ర సరిగ్గా లేదు, రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను.

పాస్టర్ గారూ, 88వ కీర్తన రెండు రోజులు చదివాను. మొదటిరోజు సగంలో ఆపేశాను. రెండోరోజు నాన్న పేరు చెప్పగలిగాను. ఎనిమిది నెలల్లో నేను దేవుడితో నిజం మాట్లాడటం అదే మొదలు అనుకుంటా. మిగతా రోజులన్నీ ఆయన దగ్గర కూడా పాట పాడుతున్నట్టే మాట్లాడాను.

సందె వెలుగు ఆంటీ, మీ వంతు మాట నా తల్లోంచి పోవడం లేదు. నేను ఎవరినీ ఏమీ తేనివ్వలేదు. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా ప్రభువు కృప, బాగున్నాను అన్నాను.

సందె_వెలుగు

అయితే ఈ వారం ఒక్కరికి నిజం చెప్పు తల్లీ. ఒక్కరికే. అందరికీ చెప్పక్కర్లేదు.

ఆల్టో_వరుస

మళ్లీ నేనే, పది రోజుల తర్వాత.

మా క్వాయర్‌లో ఒకమ్మాయికి చెప్పాను, నాకన్నా చాలా చిన్నది. ఆనందం అనే చరణం నేను పాడలేకపోతున్నాను, ఈ ఆదివారం నువ్వు ఎత్తుకుంటావా అన్నాను. ఎందుకని అడగలేదు. సరే అక్కా అంది, తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది.

నేను కిందికి వెళ్లి నాన్న కూర్చునే వరుసలో కూర్చున్నాను. ఇన్నేళ్లలో మా పాటను ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదటిసారి. నాన్న ప్రతి ఆదివారం ఇక్కడి నుంచే కదా విన్నారు అనిపించింది. ఆ అమ్మాయి కంగారులో శ్రుతి కాస్త ఎక్కువ ఎత్తుకుంది, అయినా బాగా పాడింది. ఆ చరణం వచ్చినప్పుడు నేను నోరు కదపలేదు, మొదటిసారి నటించలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నా పక్కన కూర్చున్న ముసలావిడకు తాళం లేదు, శ్రుతి లేదు, మామూలుగా అయితే నాకు చెవులు నొప్పి పుట్టేవి, ఆవిడ నా వైపు ఒకసారి చూసి ఆ చరణాన్ని ఇంకా గట్టిగా పాడింది. నాకోసం కూడా పాడుతున్నట్టు. చివరి చరణంలో రెండు మాటలు నేనూ కలిపాను, మెల్లగా. ఆ రెండు మాటలూ నేనే పాడాను.

డాక్టర్ గారు మళ్లీ రెండు వారాలకు రమ్మన్నారు. వచ్చే ఆదివారం కూడా కిందే కూర్చుంటాను. ఆవిడ నాకు చోటు ఉంచుతానంది.